రాకుమారుడి అలుపు మోసినవాడు

పొద్దు పొడుస్తూనే తమాలపురి సాముగరిడీలో ఇద్దరికి రెండు ఆజ్ఞలయ్యాయి. ఉప్పు కావళ్ళు మోసి బతికే బొప్పనను చాప మీంచి లేవవద్దన్నారు. ఒకనాటికి సింహాసనం ఎక్కబోయే రాకుమారుడు అరిందముణ్ణి ఏటిగట్టు వెంట మూడు కోసులు పరుగెత్తి రమ్మన్నారు.

రాకుమారుడికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కదా మరి! నిన్న ఇదే గరిడీలో బొప్పన వీపున మణుగు ఇసుకమూట కట్టి కొండమెట్లు ఎక్కించారు. తనకు అరమణుగే కట్టారు. అప్పుడూ ఇలాగే ఎక్కింది. వాడికి బరువెక్కువిస్తే, వాడేం నాకంటే మొనగాడా అని ఏడుపు. వాడికి విశ్రాంతినిస్తే, వాడేం నాకంటే ముద్దా అని ఏడుపు. ఇలాంటివాణ్ణి ఏ దేవుడు దిగివచ్చి సముదాయించగలడో మీరే చెప్పండి! అయినా ఏం చేస్తాం, మన కథానాయకుడు ఇతగాడే. భరించాలి.

"అవ్వా, ఏటిగట్టు వాడికి చేదా? పరుగు నాకొక్కడికేనా?" అన్నాడు అరిందముడు.

చిట్టెవ్వ తల ఎత్తలేదు. ఆవిడకు డెబ్బై ఏళ్ళు. వయసులో ఉన్నప్పుడు ముగ్గురు రాజుల లేఖలు మోసి ఏడు దేశాలు పరుగెత్తిన వేగరి. ఇప్పుడు పరుగు నేర్పే గురువు. గరిడీలో ఆవిడ పెట్టిన ఆచారం ఒకటుంది. శిష్యులు కళ్ళు తెరవగానే లేవకూడదు. ఆవిడ వచ్చి పక్కన కూర్చుంటుంది. అడుగున సూదిబెజ్జం ఉన్న చిన్న రాగికుడుకను నీళ్ళలో వదిలి, అది మునిగేలోగా మణికట్టు దగ్గర నాడి ఎన్నిసార్లు కొట్టిందో లెక్కపెడుతుంది. నిన్నటికంటే బాగా ఎక్కువైతే ఆ పూట పడకే. రాగిజావ, ఒంటికి నూనె, నిద్ర. దానికి పడకపూట అని పేరు.

"వాడి నాడి నిన్నటికంటే తొమ్మిది దెబ్బలెక్కువ కొడుతోంది నాయనా," అందావిడ. "నిన్నటి ఇసుకమూట ఇంకా వాడి ఒంట్లోనే ఉంది. అది దిగాలి. నీది నిమ్మళంగా ఉంది. నువ్వు పరుగెత్తు."

"నిమ్మళంగా ఉంటే శిక్షా?"

"శిక్షనుకుంటే మేడకు పో. ఒరే నాయనా, నేను పెట్టగలిగింది బరువొక్కటే. బలం పెట్టడం నా చేతిలో లేదు. బరువు మోసిన ఒళ్ళు పడుకున్నప్పుడు దాన్ని తనంత తాను పుట్టించుకుంటుంది. మరీ ఎక్కువ పెట్టానా, విరుగుతారు. అసలు పెట్టలేదా, మెత్తబడతారు. ఆ రెంటి మధ్యన ఎవడికెంతో వాడి నాడి చెబుతుంది. నువ్వు చెబితే కాదు, నేను చెబితేనూ కాదు."

బొప్పన చాప మీంచే నవ్వాడు. "నేనూ వస్తానంటే అవ్వ తంతోంది దొరా. తమరి వెనక పరుగెత్తకపోతే నాకు పొద్దే పోదు."

ఆ నవ్వు చూసి అరిందముడు పళ్ళు నూరుకుంటూ గట్టు దిక్కు పరుగందుకున్నాడు.

ఇంతకీ ఈ పరుగులెందుకో చెప్పాలి కదా. తమాలవృక్షాల నీలినీడల నడుమ, పాలరాతి సౌధాలతో, పగడపు స్తంభాల మండపాలతో, మూడు వైపులా ఏరు వడ్డాణంలా చుట్టుకున్న మహానగరం తమాలపురి. అందులో నలభై గవాక్షాల మేడపైన, చందనపు పీఠం మీద, మహారాజు చిత్రభానుడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే రాయి అయిపోతున్నాడు! ముందు పాదాలు. తర్వాత మోకాళ్ళు. ఇప్పుడు నడుము. ఏ పాపిష్ఠివాడి ప్రయోగమో ఎవరికీ అంతుబట్టలేదు. రాయి గుండెను తాకితే ఇక రాజు లేడు. దానికింకా ముప్పై రెండు రోజులుంది.

మందు ఒక్కటే. నగరానికి ఉత్తరాన ఏడుమలుపుల కొండ. దాని శిఖరాన ఏటా ఆషాఢపు తొలిరోజున, పొద్దు పొడుపు నుంచి మిట్టమధ్యాహ్నం దాకా ఒక కొలను నిండుతుంది. ఒక్క సొరబుర్ర నీళ్ళిచ్చి ఇంకిపోతుంది. ఆ నీళ్ళు తోడినవాడు దిగేదాకా కాలు ఆపకూడదు. ఆపితే బుర్రలోనే ఆవిరి! గుర్రాలు ఆ కొండ వాసన తగిలితేనే బెదిరి వెనక్కి తిరుగుతాయి. అందుకే మనిషి పరుగే దిక్కు. ఆనవాయితీ ప్రకారం రాచబిడ్డ ఒకడు, ప్రజల బిడ్డ ఒకడు ఎక్కాలి. ముందు చేరినవాడిదే బుర్ర.

రోజూ సాయంత్రం అరిందముడు తండ్రి దగ్గరికి వెళ్ళేవాడు. నడుం దాకా రాయైన ఆ మహారాజు అడిగే మొదటిమాట ఒకటే. "బొప్పన ఇవాళ ఎంత దూరం పరుగెత్తాడు?"

నువ్వెంత పరుగెత్తావు నాయనా అని ఒక్కనాడైనా అడిగాడా? లేదు. కొడుకు అరికాళ్ళ బొబ్బలు ఒక్కసారైనా చూశాడా? లేదు. బొప్పన, బొప్పన, బొప్పన. ఆ పేరు వినేసరికి అరిందముడి కడుపులో కుంపటి రాజుకునేది. నాన్న పెదవులకు ఆ నీళ్ళు అందించేది నా చెయ్యే కావాలి, ఆ ఉప్పుమూటలవాడి చెయ్యి కాకూడదు అని ఒట్టు పెట్టుకున్నాడు. నాన్న బతకాలన్నది ముందో, తన చేత్తోనే బతకాలన్నది ముందో అడిగితే చెప్పలేకపోయేవాడు.

ఆ రోజు గట్టు మీద పరుగు ముగించుకుని మామిడితోపులో చతికిలబడితే, ఎదురుగా ఆస్థానవైద్యుడు ధూమ్రకేశుడు ప్రత్యక్షమయ్యాడు. మోకాళ్ళ దాకా జుట్టు. దాని కొసలు పొగలా గాలిలో కలిసిపోతుంటాయి. ఈ వైద్యుడెవరో మీ దగ్గర దాచి నాకేం వస్తుంది? రాజును రాయి చేస్తున్న మాంత్రికుడు వీడే! రాజ్యం కోసం కాచుకు కూర్చున్నాడు. పాపం, అరిందముడికి అది తెలియదు.

"కుమారా, నీ మొహం చూస్తే నా గుండె తరుక్కుపోతోంది," అన్నాడు ధూమ్రకేశుడు. "ముసలిదానికి ఆ కూలివాడంటే ప్రాణం. నీ అలుపంతా నీకే మిగిల్చి వాణ్ణి మాత్రం పడకేసి మేపుతోంది."

"మీరు కూడా చూశారా!" అన్నాడు అరిందముడు. తన కుళ్ళు మరొకరి నోట వినేసరికి ప్రాణం లేచివచ్చింది.

మాంత్రికుడు జుట్టులోంచి రెండు ఇనుప కడియాలు తీశాడు. "ఇవి జంటకడియాలు. ఒకటి నీ కాలికి వేసుకో, రెండోది వాడికియ్యి. ఇక నువ్వు ఎంత పరుగెత్తినా నీ అలుపు, నీ నొప్పి, నీ ఆయాసం వాడి ఒంట్లోకి పోతాయి. నువ్వు పది కోసులు పరుగెత్తి పువ్వులా ఉంటావు. వాడు పడుకున్నచోటే చితికిపోతాడు."

"ఇంకేం కావాలి!"

"తొందరపడకు. ఇచ్చినవాడు తన కడియం తీస్తే తప్ప పుచ్చుకున్నవాడి కాలిది ఊడదు. నువ్వు తీసిన మరుక్షణం, అన్నాళ్ళూ నువ్వు పడని అలుపంతా ఒక్క పెట్టున నీ మీద పడుతుంది. కాబట్టి తీయకు."

"నేనెందుకు తీస్తాను?" అన్నాడు మన మహానుభావుడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఏటిరేవులో ఉప్పుపాకల దగ్గరికి ఒక సిద్ధుడు వచ్చాడు. కొబ్బరిపీచు జటలు, ఒళ్ళంతా విభూతి, మొలకు పులితోలు. గొంతు మాత్రం పాతికేళ్ళ కుర్రవాడిది. బొప్పన పాక నీడలో కాళ్ళు బారజాపుకుని అంబలి తాగుతున్నాడు.

"నాయనా, కొండదేవర నీకు కానుక పంపాడు," అని సిద్ధుడు కడియం చాచాడు.

బొప్పన లేచి దండం పెట్టాడు. వంగినప్పుడు సిద్ధుడి పాదాల వంక ఒక్క లిప్తసేపు ఎక్కువగా చూశాడు. తల ఎత్తేసరికి మొహం వెలిగిపోతోంది.

"నాకా సామీ? మరొకరికేమో చూసుకోండి. నాకింతవరకు ఎవరూ ఏమీ ఇచ్చింది లేదు."

"నీకే. వేసుకో. ఎప్పుడూ తీయకు."

"చచ్చినా తీయను సామీ," అన్నాడు బొప్పన. మురిసిపోతూ అక్కడికక్కడే కాలికి తొడుక్కున్నాడు.

ఈలోగా జట ఒకటి జారి సిద్ధుడి ముక్కు మీద పడింది. దాన్ని చేత్తో పట్టుకుని సిద్ధుడు వచ్చిన దారినే లగెత్తాడు.

ఇక చూడండి తమాషా! ఆ సాయంత్రం అరిందముడు ఆరు కోసులు పరుగెత్తాడు. ఆయాసం లేదు, పట్టు లేదు, బొబ్బ లేదు. గరిడీ వెనక బొప్పన వాంతి చేసుకుంటున్నాడని విని, పండగలా పాయసం వండించుకుని తిన్నాడు.

తెల్లవారి చిట్టెవ్వ బొప్పన మణికట్టు పట్టుకుని కుడుక మునిగిపోయినా వదల్లేదు. "నిన్న నీకు రెండు కోసులేగా ఇచ్చాను? ఎనిమిది కోసులు పరుగెత్తినవాడి నాడిరా ఇది! నాకు తెలియకుండా ఎక్కడికన్నా పోయావా?"

"లేదవ్వా, నీ మీదొట్టు. పడుకునే ఉన్నాను."

"సరే. కారణం నాకు తెలియదు, నాడికి తెలుసు. ఇవాళా పడకే. రేపూ పడకే. ఎల్లుండి ఒక కోసు, నడక."

మరో గురువైతే సోమరితనమని కర్ర పట్టుకునేవాడు. ఆవిడ అలా కాదు. బొప్పన ఒంట్లోకి ఎక్కడి బరువు వస్తోందో తెలియకపోయినా, వచ్చినంతా లెక్కలోకి తీసుకుంది. తను పెట్టే బరువు తగ్గించింది. నిద్ర పెంచింది. జావలో నెయ్యి వేయించింది. నాడి దిగేదాకా ఆగి, దిగిన పూట మాత్రం నిన్నటికంటే రవ్వంత ఎక్కువ మోయించింది. మళ్ళీ పడక. పదో రోజుకు బొప్పన వాంతులు ఆగాయి. పదిహేనో రోజుకు పిక్కలు రోకళ్ళలా తేలాయి. ఇరవయ్యో రోజున రెండు మణుగుల ఇసుకతో మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి, పైన నిలబడి పాట పాడాడు.

అది చూసి అరిందముడి కళ్ళలో నిప్పులు పోసినట్టయింది. వాడు చితకలేదేం? చాల్లేదన్నమాట! మర్నాటి నుంచి తను తొమ్మిది కోసులు. ఆ మర్నాడు పన్నెండు. వాడు పాడుతున్నాడా? అయితే పధ్నాలుగు! ఓరి పిచ్చి తండ్రీ, నీ అలుపునే వాడు తిని అరిగించుకుంటున్నాడురా, ఆపరా అని చెప్పేవాళ్ళెవరు? పోనీ చెప్పినా వినే రకమా?

చిట్టెవ్వకు మాత్రం ఒకటి నచ్చలేదు. "నీ నాడి పాతిక రోజులుగా ఒక్కలాగే ఉంది నాయనా," అంది ఒకనాడు. "ఎక్కడన్నా నొప్పిగా ఉందా?"

"అస్సలు లేదు!"

"నా భయం అదే. అంత పరుగెత్తే ఒళ్ళు ఏదో ఒకటి చెప్పాలి. నీది నోరే విప్పడం లేదు. ఆ ఎడమకాలికి గుడ్డ ఎందుకు చుట్టావు?"

"ముల్లు గుచ్చుకుంది," అని బొంకి అరిందముడు చక్కా పోయాడు. వాడికైతే పాటలు పాడించి, నాకొచ్చేసరికి వంకలా అనుకున్నాడు.

ఆషాఢపు తొలిరోజు రానే వచ్చింది. మహారాజు కంఠస్వరం అప్పటికే గాలిలా అయిపోయింది. రాయి గుండెకు రెండు వేళ్ళ దూరంలో ఉంది. బాకాలు మోగాయి. భేరీలు దద్దరిల్లాయి. తూర్పున కుంకుమరేఖ విచ్చీ విచ్చకముందే ఇద్దరూ నడుముకు సొరబుర్రలు కట్టుకుని కొండ మీదికి ఉరికారు.

మొదటి మలుపులో ముళ్ళతీగలు బతికున్న పాముల్లా కాళ్ళకు చుట్టుకోబోయాయి. అరిందముడు ఎగిరి దాటాడు. రెండో మలుపులో నేల నోళ్ళు తెరిచి సలసల కాగే ఆవిరిని వెళ్ళగక్కుతోంది. ఆవిరి ఎగసే వేళకూ ఎగసే వేళకూ మధ్య చొరబడి దాటాడు. మూడో మలుపులో పాతాళం కనిపించే లోయ మీద ఊడల వంతెన. సగం దాటేసరికి వెనక ఊడలు పటపటా తెగుతున్నాయి. చివరి ఊడ పట్టుకుని ఊగి అవతల పడ్డాడు. వెనక్కి చూస్తే బొప్పన తెగిన ఊడను పట్టుకుని కొండచరియ మీంచి పాకుతూ వస్తున్నాడు. రొప్పుతున్నాడు. చెమటలు కారుతున్నాయి. హాయి! అరిందముడి ఒంట చెమటబొట్టయినా లేదు.

నాలుగో మలుపులో పైనుంచి బండలు దొర్లాయి. ఒకటి తప్పించుకున్నాడు, రెండోది తప్పించుకున్నాడు. మూడోదానికి పక్కకు దూకబోతే మోకాలు దానంతటదే మడత పడిపోయింది.

లేవబోయాడు. లేవలేకపోయాడు. ఆయాసం లేదు, నొప్పి లేదు, గుండె నిదానంగా కొట్టుకుంటోంది. కాళ్ళు మాత్రం రావడం లేదు! చేత్తో తొడ తడిమి చూసుకున్నాడు. మెత్తగా దూదిలా ఉంది. ముప్పై రోజులు కోసులకు కోసులు పరుగెత్తిన తొడేనా ఇది?

బండ మీంచి పొగ లేచింది. పొగలోంచి ధూమ్రకేశుడు విరగబడి నవ్వాడు.

"ఏం కుమారా, బలమెక్కడికి పోయిందని వెతుక్కుంటున్నావా? కష్టం తెలిసిన కాలికి కదా బలమొచ్చేది! నీ కాళ్ళను నేను నెల రోజులుగా నిద్రపుచ్చాను. నువ్వు బోలు. ఇక వాడంటావా, ఇవాళ పడకేసే ముసలిది పక్కన లేదు. ఇద్దరి కొండా ఒక్కడే ఎక్కుతున్నాడు. ఎంతసేపు ఎక్కుతాడో చూద్దాం. పొద్దు గూకగానే నీ తండ్రి గుండెలోకి రాయిని దింపే పని ఒకటి మిగిలిపోయింది, వస్తాను!"

"నువ్వా! నాన్నను... నువ్వా!" అని అరిందముడు రాయి తీసుకుని విసిరాడు. అది పొగలోంచి దూసుకుపోయి లోయలో పడింది. మాంత్రికుడు మాయమయ్యాడు.

బొప్పన వచ్చాడు. రాకుమారుణ్ణి లాగి భుజాన వేసుకున్నాడు.

"దింపు! నన్ను మోయడానికి నువ్వెవరు?"

"ఇక్కడ ఉంటే బండల కింద పడతారు దొరా. మలుపు దాటించి దింపేస్తాను."

ఆ భుజం మీద, తలకిందులుగా వేలాడుతూ అరిందముడు చూసిందేమిటి? బొప్పన కాళ్ళు. పైకి పడే ఒక్కో అడుగు. బండ దొర్లితే పక్కకు, మళ్ళీ పైకి. అసహ్యం వేసింది, ముచ్చటా వేసింది, ఆ ముచ్చట వేసినందుకు ఇంకా ఒళ్ళు మండింది.

ఐదో మలుపు తిరిగేసరికి ఆ కాళ్ళు వణికాయి. బొప్పన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ముక్కులోంచి నెత్తురు కారుతోంది.

ఐదో మలుపులో కూలబడడమంటే చిన్న సంగతి కాదు. నల్లటి కొండకొమ్ము మీద అక్కడ రాతిగద్ద కాపురం ఉంటుంది. రెక్క విప్పితే ఊరికి నీడ. దాని పద్ధతి తమాలపురిలో పసిపిల్లలకు కూడా తెలుసు. కదిలేదాన్ని ముట్టదు. కదలనిదాన్ని శవమనుకుని ఎత్తుకుపోతుంది. బొప్పన కూర్చున్నచోటే చేతులూపుతున్నాడు. అరిందముడూ ఊపాడు. పైనున్న గద్ద ఒక కన్ను తెరిచి మూసింది.

"పొద్దు బాగా ఎక్కింది దొరా," అన్నాడు బొప్పన. "ఇవాళ నా ఒళ్ళు నాది కాదన్నట్టుంది. ఒక్కణ్ణి ఎక్కుతుంటే ఇద్దరు ఎక్కినట్టుంది."

"ఇద్దరమే ఎక్కాం." అరిందముడు కాలికి చుట్టిన గుడ్డ విప్పి కడియం చూపించాడు. "నా అలుపంతా నీ ఒంట్లోకి తోసేశాను. ఈ నెల రోజులూ. నీకు కడియం ఇచ్చిన సిద్ధుణ్ణి నేనే. నాకిచ్చింది ధూమ్రకేశుడు, నాన్నను రాయి చేస్తున్నదీ వాడే."

"తమరేనని ఆ రోజే తెలుసు."

"ఏమిటీ?"

"రోజూ తమరి వెనకే కదా దొరా పరుగెత్తుతాను. ఆ మడమలు నాకు తెలియవా?" బొప్పన మూతికి అంటిన నెత్తురు తుడుచుకున్నాడు. "మనసులో నా మీద ఇష్టముంది, రాకుమారుణ్ణి కదా అని సిగ్గుపడి వేషం కట్టుకొచ్చారనుకున్నాను. అందుకే స్నానంలో కూడా దాన్ని తోమి తోమి పెట్టుకున్నాను. లోపల ఇదుందని తెలియదు."

అరిందముడికి ఆ క్షణంలో బొప్పన గొంతు పిసకాలనిపించింది. పరుగులో నాకంటే మొనగాడు. బరువులో మొనగాడు. ఆఖరికి మంచితనంలో కూడానా! ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నాకు వదలకూడదా వీడు?

తల ఎత్తి చూశాడు. పొద్దు నడినెత్తికి ఇంకా రెండు గడియలుంది. పైన రెండు మలుపులున్నాయి. తన కాళ్ళు దూది. వీడి కాళ్ళు ఇనుము. ఆ ఇనుములో సగం తనది. తను పడవలసిన పాట్లన్నీ వీడు పడి, పడుకుని, లేచి సంపాదించుకున్నది. దాని మీద ఇవాళ్టి తన అలుపు బండలా కూర్చుని ఉంది. అది దిగితే వీడు ఎక్కగలడు. కొలను చేరగలడు. ఆగకుండా దిగగలడు. నాన్న పెదవులకు నీళ్ళందించేది వీడి చెయ్యే అవుతుంది.

ఊరంతా వీడి పేరే. నాన్న నోట వీడి పేరే. ఛీ!

"బొప్పనా, చెయ్యి ఊపడం ఆపకు," అన్నాడు. వంగి, తన కాలి కడియం పట్టుకుని లాగేశాడు.

బొప్పన కాలి కడియం రెండు ముక్కలై జారిపోయింది. ఉప్పు మూటలన్నీ ఒక్కసారే దించినవాడిలా బొప్పన నిటారుగా లేచి నిలబడ్డాడు. అదే క్షణాన అరిందముడి మీద నెల రోజుల కోసులన్నీ విరుచుకుపడ్డాయి. ఏటిగట్టు, మెట్లు, ఇసుక, ఎండ, అన్నీ. ఎముకలు పగిలిపోతున్నట్టు నొప్పి. చెయ్యి పైకెత్తబోయాడు. వేలు కూడా కదల్లేదు.

కొమ్ము మీద గద్ద రెండు కళ్ళూ తెరిచింది.

"ఇక నువ్వు పో," అని గొణిగాడు.

బొప్పన పరుగందుకున్నాడు. ఏం పరుగది! బండల మీంచి బండల మీదికి, చరియ మీంచి చరియ మీదికి, కొండే కిందికి దిగుతోందా అన్నట్టు పైకి పోయాడు. ఆరో మలుపు మొదట్లో రెక్కల చప్పుడు విని వెనక్కి తిరిగి చూశాడు. గద్ద నీడ రాకుమారుణ్ణి కప్పేసింది.

"దొరా, కదలండి! ఒక్క వేలైనా!"

కదల్లేదు. బొప్పన రెండడుగులు కిందికి దూకాడు.

అరిందముడు ఒంట్లో మిగిలిన ఊపిరినంతా గొంతులోకి తెచ్చుకున్నాడు. తండ్రి కోసమో, తన పౌరుషం కోసమో, బొప్పన మీది కుళ్ళుతోనో, వేటితో అంత గొంతు వచ్చిందో అతనికే తెలియదు. కొండంతా మారుమోగింది.

"నన్ను కాపాడిన పేరు కూడా నీకే కావాలట్రా? పో పైకి!"

బొప్పన ఆగాడు. మొహం వంకర్లు పోయింది. ఒక్కసారి పొద్దు వైపు చూశాడు. వెనుదిరిగి, ఏడుస్తూ, ఇందాకటికంటే వేగంగా పైకి ఉరికాడు.

గద్ద గోళ్ళు అరిందముడి నడుము చుట్టూ బిగుసుకున్నాయి. నేల కిందికి పడిపోయింది. ఐదో మలుపు చిన్నదయింది, లోయ దారమైంది, తమాలపురి మేడలు చేతిలో పట్టేంత అయ్యాయి. గాలి చెవుల్లో హోరెత్తుతోంది. గద్ద ఎవరూ పోని ఉత్తరపు మంచుకొండల వైపు తిరుగుతోంది. అక్కడ దానికి పిల్లలున్నాయి. ఆకలితో ఉన్నాయి.

రాకుమారుడు అటు చూడలేదు. కింద, ఏడో మలుపు మీద, చీమంత మనిషి ఒకడు ఆగకుండా ఎక్కుతున్నాడు. ఎంత బాగా పరుగెడుతున్నాడు, దొంగవెధవ, అనుకున్నాడు. కడుపు భగ్గున మండింది. మేఘం అడ్డం వచ్చేదాకా అతని కళ్ళు ఆ కాళ్ళ మీదే ఉన్నాయి.